కాలువగట్టు దారి: ధవళేశ్వరము నుండి గన్నవరము దాక సైకిలు ప్రయాణము

నేటి ప్రసంగమునకు నే నెన్నుకొనిన విషయము ఒక దారి. అది రాజమార్గము కాదు. తీర్థయాత్రా మార్గమును కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట మీదుగ గోదావరి దాటి, బొబ్బర్లంకకడ దిగి, అచటనుండి మధ్య డెల్టా ప్రధాన కాలువ గట్టు పట్టుకొని, ఆత్రేయపురము, లొల్ల, రావులపాలెము, కొత్తపేట, అంబాజీపేటల మీదుగ వైనతేయ తీరమందలి గన్నవరము వఱకు పోవు దారి. మోటారు బండిలో పోవువారికి ఇది ఒక పూట పనియైనను కాదు. సైకిలుమీద తీరుబాటుగ పోవువారికి రెండు దినములు పట్టును. రెండు దినములు పట్టవలెను గూడ. ఈ నడుమ పట్టణములనుండి పడుచువాండ్రు సెలవుదినములందు సైకిళ్లపై బయలుదేరి, తోటలకడ నిలిచి కాయలు కొనుచు, పూతరేకులు తీయు ఇండ్లలోనికి తొంగిచూచుచు పోవుటను నేను చూచుచున్నాను. వారిలో కొందఱు అరుగుమీద కూర్చున్న నావంటి ముసలివానిని పలుకరించి రెండు ప్రశ్నలు వేయుచుందురు. ఈ గట్టు ఎవరు వేసిరి యనునది మొదటిది. ఇచట నింత చౌకగ దొరకు కాయ మా యూర నెందుకంత ప్రియమైన దనునది రెండవది. మొదటిది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. రెండవది అర్థశాస్త్రమునకు సంబంధించినట్లు తోచును గాని, అదియు చరిత్రయే.

కాలువలకు పూర్వ మీ సీమ యెట్లుండెనో నేటివారు ఊహింపజాలరు. చుట్టును గోదావరి పాఱుచుండగా నడుమ నున్నవారు నీరులేక మాడిన కాలమది. వరదవచ్చిన యేడు పంట కొట్టుకొనిపోవును. వాన రాని యేడు ఎండిపోవును. 1832-33లో వచ్చిన నందన కఱవును మన పూర్వులు తరతరములు చెప్పుకొనిరి. 1839లో సముద్రము పొంగి కోరంగి రేవును, తీరగ్రామములను ముంచెను. నాటి రాజమహేంద్రవరపు జిల్లాలో 1821వ సంవత్సరమున 7 లక్షలకు మించియుండిన జనము 1841 నాటికి 6 లక్షలకు లోపునకు దిగిపోయెను. దొరతనమువారికి జాలి కలిగెనో, శిస్తు తగ్గెనన్న చింత కలిగెనో, ఆ రెండింటిలో ఏది యెంతయో పంచి చెప్పుట కష్టము. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ యను నధికారి జిల్లా దుఃస్థితిని విచారించి, కారణము నీటి యేర్పాటు లేకుండుటయే యని వ్రాసెను. తంజావూరు సీమయందు కావేరీ పాయపై ఆనకట్టలు కట్టి పేరుపొందిన ఆర్థరు కాటను నిచటికి పంపిరి.

1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు తునకలుగ, నడుమ లంకలను ఆధారము చేసికొని, ఆ ఆనకట్టను కట్టిరి. ధవళేశ్వరపు కొండరాతిని కొట్టి, పట్టాలపై బండ్లలో తెచ్చి నదిలో పోసిరి. కాటను దొరను అపర భగీరథుడని పొగడుట మనవారికి అలవాటు. సంకల్పమున ఆయన పేరు చేర్చి స్నానమాడిన విప్రులుండిరని కూడ విందుము. ఆ కృతజ్ఞత తగినదే. అయితే రాళ్లు మోసినవారు వేలకొలది కూలివాండ్రు. పని నడిపిన మనవారిలో వీణము వీరన్న యను ఆయన పేరు మాత్రము చరిత్రకు దక్కినది. తక్కినవారి పేర్లు ఆనకట్ట పునాదిలోనే కలిసిపోయినవి. నేడు మనము దాటునది ఆ పాత కట్ట కాదు. 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన క్రొత్త బరాజు. దీనికి 175 తలుపులు. ధవళేశ్వరపు భాగముననే 70 ఉన్నవి. సైకిలుమీద ఈ వంతెన దాటునపుడు ఒకచో దిగి, క్రిందికి జూచుట మంచిది. కుడివైపు నీరు ఎట్లు చదునుగ నిలిచియున్నదో, ఎడమవైపు ఇసుక ఎట్లు తేలియున్నదో చూచినచో కాలువలోని నీ రెక్కడినుండి వచ్చుచున్నదో పుస్తకము లేకయే తెలియును. ఎడమ కుడులు మీరు వచ్చు దిక్కునుబట్టి మాఱునని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

బొబ్బర్లంకకడ మధ్య డెల్టాకు తల తూము. ఇచటనుండి సాగు కాలువలు కోనసీమలో సుమారు 2 లక్షల యెకరములను తడుపుచున్నవి. కాని కాటను ఈ కాలువలను త్రవ్వించినది పొలము తడుపుటకు మాత్రమే కాదన్నమాట నేటి పిల్లలకు తెలియదు. ఇవి పడవల దారులు. రైలుకన్న నీటిదారియే ఈ దేశమునకు చౌక యని ఆయన జీవితాంతము వాదించెను. ఆ మాటకై సీమలో పెద్దలతో కలహించెను. అందువలననే కాలువలపై లాకులు వెలసినవి. ఎగువ నీటినుండి దిగువ నీటికి పడవ దిగవలెనన్నచో, దానిని రెండు తలుపుల నడుమనున్న తొట్టిలో నిలిపి, ఎగువ తలుపు మూసి, నీటిని మెల్లగ వదలి, మట్టము సమమైన పిమ్మట దిగువ తలుపు తెఱతురు. ఎక్కునపుడు దీనికి విపర్యయము. ధాన్యము, కలప, పెండ్లివారు, బడిపంతుళ్లు, అందఱు ఈ తలుపుల నడుమ ఘడియ సేపు వేచినవారే. గాలి అనుకూలించినపుడు తెరచాప యెత్తుదురు. లేనినాడు ఇద్దఱు ముగ్గురు మనుష్యులు త్రాడు భుజమున వేసికొని గట్టువెంట నడచుచు పడవను లాగుదురు. ఆ త్రాడు లాగినవారి పాదములు పడి పడి గట్టుమీద గట్టిపడిన బాటయే నేడు మన సైకిలు చక్రముక్రింద నున్నది. తరువాతి కాలమున మట్టి పోసిరి, కంకర పఱచిరి, తారు పోసిరి. దారి మాత్రము లాగుడువాండ్రది.

ఈ పడవల యేలుబడి రెండు తరములకన్న నెక్కువ నిలువలేదు. 1900లో రాజమహేంద్రవరము కడ హేవలాకు వంతెన తెఱచినతోడనే దూరపు సరకు రైలెక్కినది. తరువాత లారీలు వచ్చి దగ్గఱి సరకును ఎత్తుకొనిపోయినవి. లాకులు నేటికిని నిలిచియున్నవి గాని వానిగుండ పోవు సరకు పడవ మచ్చునకైన కానరాదు.

ఈ నడిమి కాలముననే మన పల్లెలకు సైకిలు వచ్చినది. ద్విచక్రిక యని నావంటివాడు సంస్కృతీకరింపవచ్చును గాని, సైకిలనిననే బండివానికిని బాపనయ్యకును అర్థమగును. దీని వంశవృక్షము చిన్నది. 1817లో జర్మనీలో డ్రైసు అను నాయన కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవు రెండు చక్రముల కొయ్యబండి చేసెను. 1885లో ఇంగ్లండున స్టార్లీ యను నాయన రెండు సమచక్రములు, గొలుసు గల బండి చేసెను. 1888లో డన్‌లపు గాలి రబ్బరు చక్రమును కనిపెట్టెను. నేటి బండికిని ఆనాటి బండికిని ఎముకలలో భేదము లేదు. మన దేశమున చిరకాలము సీమసరకే దిక్కు. 1949లో మద్రాసునందు, 1950 తరువాతి దశాబ్దమున పంజాబు సీమయందు పెద్ద కర్మాగారములు లేచిన పిమ్మట గాని సైకిలు సామాన్యునికి అందలేదు. దానికి బిళ్ల కట్టవలసిన రోజులు, రాత్రి దీపము లేదని జవాను ఆపిన రోజులు, గంటకింతయని అద్దె సైకిలు తెచ్చుకొనిన రోజులు మీలో చాలమందికి జ్ఞాపకముండవచ్చును.

కాని నేను చెప్పవలసినది సవారి కాదు, మోత. మన సీమలో సైకిలు మనిషిని మోసినది తక్కువ, సరకును మోసినది ఎక్కువ. దానికి ముందు కావడి యుండెను; కావడికన్న సైకిలు నాలుగురెట్లు మోయును. అరటి గెలలను వెనుక క్యారియరుపై అడ్డముగ కట్టి, రెండుప్రక్కల వ్రేలాడదీసి, నడిమి కొయ్యపై మఱి రెండు ఆనించి, రైతు తాను ఎక్కుటకు చోటులేక, చేతిపిడి పట్టుకొని త్రోసికొనుచు నడచును. తెల్లవాఱుజామున రావులపాలెపు త్రోవలో ఇట్టి సైకిళ్లు వరుసగ పోవుట చూచినవారు, అవి నడచు అరటితోటలని భ్రమపడుదురు. మునుపు సైకిలు నిండుగ పల్లెనుండి సంతకు పోయి ఖాళీగ తిరిగివచ్చెడిది. నేడు పట్టణపువాని సైకిలు ఖాళీగ పల్లెకు వచ్చి నిండుగ తిరిగిపోవుచున్నది. ఈ మాఱ్పు చిన్నది గాని తక్కువది కాదు. ఎట్లో ముందు చెప్పెదను.

ఆత్రేయపురము గట్టుమీది మొదటి పెద్ద మజిలీ. గోదావరి పాయలలో ఒకదానికి ఆత్రేయ యని పేరు. ఊరిపేరునను ఆ ఋషియే నిలిచెను. ఇది పూతరేకుల యూరు. పూత యనగా పూయుట, రేకు యనగా పలుచని పొర. రెండు మాటలలో పని యంతయు చెప్పిన పేరిది. చేయు విధమును దగ్గఱ నిలిచి చూడనివారికి నమ్మిక కలుగదు. బియ్యమును నానబెట్టి, మెత్తగ రుబ్బి, పాలవలె పలుచన చేయుదురు. ప్రత్యేకముగ చేయించిన కుండను బోర్లించి, దానికి ప్రక్కనున్న నోటిలో ఎండిన కొబ్బరి ఆకులు పెట్టి మంట వేయుదురు. కుండ వీపు నున్నగ నుండవలెను. నూనె గుడ్డతో తుడువవలెను. సన్నని గుడ్డను పిండినీటిలో ముంచి, రెండుచేతుల కొసలు పట్టి, వేడి వీపుపై పఱచి లాగుదురు. గుడ్డ లేచులోపలనే నీరు ఆవిరియై, పిండి పొరయై, కుండనుండి తనంతట తానే విడివడును. ఇదియంతయు రెండు మూడు నిమేషములలో ముగియును. అట్లు తీసిన రేకు కాగితముకన్న పలుచన. వెలుతురునకు పట్టినచో అవతలి వేళ్లు కానవచ్చును. తినునపుడు తడిగుడ్డపై పఱచి మెత్తబఱచి, నెయ్యి పూసి, చక్కెరపొడియో బెల్లపుపొడియో చల్లి మడతురు. ఈనాడు జీడిపప్పు, బాదముపప్పు, ఇంకను ఏమేమియో చేర్చుచున్నారు. నాకు బెల్లపు రేకే రేకు. తక్కినవి నగలు పెట్టిన పసిపిల్లలు.

ఈ పని చేయువారు స్త్రీలు. ఉదయము మొదలు మంట ముందు కూర్చుండి, పొగ కన్నులలో పడుచుండగా, నూఱుల లెక్కన రేకులు తీసి దుకాణములకు వేయుదురు. 2023వ సంవత్సరము జూను నెలలో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఈ ప్రాంతమున చేయని రేకును ఈ పేరుతో అమ్మరాదు. దానికి దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘము తన పేరులో కాటను పేరు నుంచుకొనినది. కాలువ వచ్చుటచే వరి వచ్చెను, వరి వచ్చుటచే రేకు వచ్చెనని వారి భావము కాబోలు. గుర్తింపు వచ్చినందుకు అందఱు సంతోషించిరి, నేనును సంతోషించితిని. అయినను ఒకటి చెప్పక తప్పదు. చట్టము పేరును కాపాడును గాని మంట ముందున్న చేతిని కాపాడదు. పెట్టెపైనున్న అందమైన అచ్చు ఎంత పెరిగినను, రేకు తీసినదానికి నూఱింటికి వచ్చు కూలి అంత త్వరితముగ పెరుగదు. అందుచేత సైకిలుపై వచ్చువారితో నేను చెప్పునది, పెద్ద దుకాణములు దాటి, లోపలి వీథిలో పొగ వచ్చు ఇంటికడ దిగి, అడిగి కొనుడని. మర్యాదగ "అమ్మా, ఒకమారు చూడవచ్చునా" యని యడిగినచో కాదనరు. వేసవిలో వచ్చినవారికి ఈ యూరనే మామిడి తాండ్రయు దొరకును. రసమును చాపలపై పఱచి, ఎండబెట్టి, దానిపై మఱల పఱచి, పొరమీద పొరగ కట్టించునది. దానికి ఎండయే వంటవాడు. మబ్బు పట్టిననాడు తాండ్ర చేయువారి మొగములు చూడరాదు.

ఆత్రేయపురము దాటిన కొంతదవ్వునకు లొల్ల లాకులు. ప్రధాన కాలువ ఇచట చీలి పలుదారులై గన్నవరమువైపు, అమలాపురమువైపు పోవును. చెట్లనీడ, నీటిచప్పుడు, పాత కట్టడపు రాతి నునుపు కలిసి ఇది మధ్యాహ్నము నిలుచుటకు తగిన చోటు. ఇచటికి దూరము కాక ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, వాడపల్లిలో వేంకటేశ్వరస్వామి కలరు. దర్శనార్థులకు ఆ దారి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

రావులపాలెమున అరటి సంత. కర్పూరము, చక్కెరకేళి, అమృతపాణి, బొంత, బుషావళి అనునవి గెలలు గెలలుగ నేలపై నిలిపియుండును. పేర్లను వినుటతోనే సగము కడుపు నిండును. లంక భూములలోని ఒండ్రు వలనను, కాలువ నీటివలనను ఇచటి అరటికి పేరు వచ్చినది. ఇచటనుండి లారీలు పరరాష్ట్రములకు పోవుచున్నవి. అమృతపాణిని మాత్రము ఎండు తెగులు పట్టి చాలచోట్ల తోటలనుండి తఱిమివేసినది. ఆ పండు రుచి యెఱిగినవారికి అది చిన్న నష్టము కాదు. ఇచటనే మన రెండవ ప్రశ్నకు ఉత్తరము ప్రత్యక్షముగ కానవచ్చును. గెల తెచ్చిన రైతు ధర చెప్పడు, ధర వినును. వెనుకకు తీసికొనిపోవుటకు వీలులేని సరకు అది. సాయంత్రమునకు పండును, మఱునాటికి నల్లబడును. ఆ సంగతి కొనువానికిని తెలియును, అమ్మువానికిని తెలియును. అందుచేత బేరము రైతు నోట మొదలుకాదు. గెలనుండి అత్తముగ, అత్తమునుండి డజనుగ, డజనునుండి పండుగ విడిపోవు ప్రతి మెట్టుకడ ధర ఎక్కుచుండును. అన్ని మెట్లును అన్యాయమని నేను చెప్పను. బండివానికి కూలి కావలెను, కుళ్లినవానికి నష్టము కట్టుకొనవలెను. కాని మెట్లన్నియు ఎక్కినది పండు. మొదటి మెట్టుననే నిలిచినవాడు రైతు.

ఈ బాధ అరటికే కాదు, వరికిని తప్పలేదు. 2011వ సంవత్సరమున కోనసీమ రైతులు సార్వా పంట వేయము పొమ్మని పదివేలకొలది యెకరములు బీడు పెట్టిరి. దానికి పంట విరామమని పేరు పెట్టిరి. కాలువ లేని యేటను దున్నుటకు వెనుదీయని జాతి, కాలువనిండ నీరుండగా నాగలి దింపుట మన చరిత్రలో వింతయైన సంగతి. గిట్టుబాటు లేదు, కూలి దొరకదు, మురుగు కాలువలు పూడి చేను మునుగుచున్నది అని వారు మొఱపెట్టిరి. మద్దతు ధర ఆ యేడు సాధారణ రకపు ధాన్యమునకు క్వింటాలు 1080 రూపాయలు. ప్రభుత్వము మోహన్ కందా గారి ఆధిపత్యమున విచారణ సంఘమును వేసినది. కాటను నీరు తెచ్చెను గాని నీరు పోవు దారిని కనిపెట్టుకొనియుండుట తరువాతివారి వంతు. త్రవ్వినవానికి దక్కిన కీర్తి పూడిక తీయువానికి దక్కదు; అందుచేతనే పూడిక తీయువాడు దొరకడు కాబోలు.

రైతును కొనువానికి ఎదుట నిలుపు ప్రయత్నము మన రాష్ట్రమున ముందే జరిగినది. 1999 జనవరిలో రైతు బజారులు పెట్టిరి. కూరగాయల రైతుకు అవి మేలే చేసినవి. కాని బజారు పట్టణములో నుండును. అచటికి పోవుటకు రైతు ఒక పూట పని మానవలెను. సైకిలువాడు తోటకే వచ్చినచో ఆ పూట మిగులును. ఆంగ్లదేశమున పొలములకడనే చిన్న దుకాణములు పెట్టి గ్రుడ్లు, జున్ను, పండ్లు అమ్ముట చిరకాలముగ కలదు. మనయందు అది నిన్నటివఱకు పందిరిక్రింద ముసలమ్మ పోసిన జామకాయల రాశియే. ఆ రాశికి ఒక బల్ల, ఒక తూకము, ధర వ్రాసిన పలక చేరినచో చాలును. అంతకుమించిన హంగు వలదు. పది సైకిళ్లు వచ్చినంతమాత్రమున కోనసీమ అప్పు తీరునని నే ననను. వచ్చినవాడు తోటలో నిలిచి ధర యడిగి, మఱునాడు తన యూరి అంగడిలో అదే కాయ ధర యడిగినపుడు, నడుమ నేమి జరిగినదో వానికి తెలియును. ఇంతవఱకు ఆ లెక్క రైతుకు మాత్రమే తెలిసియుండెను.

కొత్తపేట, పలివెల దాటి అంబాజీపేట చేరువఱకు త్రోవకు ఇరుప్రక్కల కొబ్బరియే. పలివెలలో ఉమాకొప్పేశ్వరుని గుడి శిల్పమును చూచుటకు అరగంట కేటాయింపుడు. అంబాజీపేట కొబ్బరి సంతకు తనదైన భాష యొకటి కలదు. నీటికాయ, ముక్కుడుకాయ, కొత్తకొబ్బరి, కురిడీ. ఆ కురిడీలో మఱల గండేరా, గటగట యని తరగతులు. ముదిరిన కాయను అటకమీద నెలలకొలది నిలువయుంచినచో లోని నీరు ఇంకి, కొబ్బరి గుండుగ ఎండి, చిప్పనుండి విడివడును. అదియే కురిడీ. గటగట యను పేరు విన్నపుడెల్ల ఆ గుండు చిప్పలో దొరలు చప్పుడే నా చెవిలో మ్రోగును. కాయ లెక్క వేలలో, కొబ్బరి లెక్క క్వింటాలులో. చెట్టెక్కి దింపు తీయువాడు నానాటికి దొరకకున్నాడు. కొడుకులు చదువుకొనిరి, చదివించినవారిలో నేనును ఒకడను గనుక ఆ నేరము కొంత నామీదను కలదు.

కొబ్బరి రైతుకు దెబ్బమీద దెబ్బ తగిలినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమపై పడినపుడు వేయిమందికి పైగ మరణించిరి; నిలిచిన చెట్లకన్న కూలిన చెట్లే ఎక్కువగు తోటలు చాల నుండెను. వరి మునిగినచో మఱుసటి యేడు వేయవచ్చును. కొబ్బరి మొక్క నాటినవాడు కాయకై ఏండ్ల తరబడి ఎదురుచూడవలెను. ఆ మొక్కలు కాపునకు వచ్చి, రైతు నిట్టూర్చులోపల కాయమీద నల్లియు, 2016 తరువాత సర్పిలాకారపు తెల్లదోమయు వచ్చి పట్టినవి. తెల్లదోమ పట్టిన తోటను గుర్తించుట సులభము. క్రింది ఆకులు మసిపూసినట్లు నల్లబడియుండును. సైకిలుమీద పోవువారు త్రోవప్రక్క ఆ నలుపును చూచినపుడు, బోండము ధర పది రూపాయలు తగ్గింపుమని పట్టుపట్టకుందురు గాక.

అంబాజీపేటనుండి గన్నవరము చేరువలో నున్నది. ఇచట కాలువ నదిని దాటును. క్రింద వైనతేయము, పైన కాలువ. నది క్రింద పాఱుచుండగా దానిపైని కమానులమీద మఱియొక ప్రవాహము సాగుట చూచి పల్లెవాండ్రు నాడు నోరు తెఱచిరి. నేటికిని క్రొత్తగ చూచువాడు తెఱచును. సప్తగోదావరులలో లెక్కకు రాని ఈ పాయ మీదుగ నగరము లంకకు నీరు పంపుటకై ఆనకట్ట ముగిసిన కాలముననే హేగు అను యువ సైనికాధికారి 49 కమానులతో దీనిని కట్టించెను. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. నూటయేబదియేండ్లకు చేరువగ అది ఒంటరిగనే ఆ భారము మోసినది. 2000వ సంవత్సరమున ప్రక్కనే క్రొత్త కట్టడము వచ్చినది. పాతదియు నిలిచియున్నది. రెండింటిని ఒక చూపులో చూచుటకు గట్టుమీద దిగువకు కొంతదూరము నడువవలెను.

క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఇంజనీరు పేరు గాని, మంత్రి పేరు గాని పెట్టక, వంటయింటిలో బ్రదుకు గడపిన ఇల్లాలి పేరు నీటి కట్టడమునకు పెట్టుట నాకు చాల నచ్చిన పని. ఆమె 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరమునకు జోగన్నగారి భార్యగ వచ్చెను. ఆనకట్టకు పునాది పడునాటికి ఆఱేండ్ల పిల్ల. కాలువలు పాఱి పంటలు పండిన కాలమున గృహిణి. ఆ పంటను ఆమె గాదెలలో దాచలేదు. నది దాటుటకు వచ్చిన బాటసారికి, రేవున చీకటిపడి చిక్కినవానికి, వరదలో లంకపై నిలిచిపోయినవానికి, కులమడుగక, వేళ చూడక అన్నము పెట్టెను. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు పిలుపు రాగా పోనొల్లలేదనియు, ఆమె పటమును తీయించుకొనిపోయిరనియు చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించెను. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె కాలమున గన్నవరమున తిండికి ధర లేదు. నేడు అదే రేవుకడ టీకొట్టునందు పెసరట్టునకు ధర పలకపై వ్రాసియున్నది. ఆ రెండు కాలముల నడుమ వరి, అరటి, కొబ్బరి, పూతరేకు అన్నియు సరకులైనవి.

ప్రయాణము చేయదలచినవారికి రెండు మూడు మాటలు. సాధారణముగ ఏప్రిలు, మే నెలలలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు; అప్పుడు గట్టునకు అందము లేదు, నీడక్రిందను ఉక్క వదలదు. వర్షాకాలమున అడుగుమట్టి జారును, వరద వచ్చినచో లంకలవైపు పోరాదు. కార్తికము మొదలు మాఘము వఱకు మంచి కాలము. వేకువనే ధవళేశ్వరమున బయలుదేరినచో ఎండ ముదురకముందే పొగ లేచు వీథికి చేరవచ్చును. రేకులు తీయుట అప్పటికి జోరుమీద నుండును. రెండు సంచులు ఖాళీవి తీసికొనిపొండు. చిల్లర దగ్గఱ నుంచుకొనుడు. రావులపాలెమున రాత్రి నిలిచి, తెల్లవాఱకముందే లేచి సంత చూచి, పిమ్మట కొబ్బరి త్రోవ పట్టుడు. ఎదురుగ గెలలు కట్టిన సైకిలు వచ్చినచో మీరు దిగి ప్రక్కకు తొలగుడు. అతనికి బరువున్నది, మీకు లేదు.